మగ్గం షాట్‌లో లైట్ స్టాండ్, బూమ్ మైక్ పడ్డాయి. ఎడిట్‌లో తీసేయడం ఎలా?

భువనగిరి_ఎడిటర్

అందరికీ నమస్కారం. భూదాన్ పోచంపల్లిలో ఒక నేత కుటుంబం మీద తీసిన చిన్న డాక్యుమెంటరీ ఎడిట్ చేస్తున్నాను. షూట్‌కి నేను వెళ్లలేదు. ఫుటేజీ హార్డ్ డిస్క్‌లో వచ్చింది, కట్ చేసి ఇవ్వడం నా పని.

అందులో ఒక వైడ్ షాట్ ఉంది. ఎడమ పక్క గుంట మగ్గంలో కూర్చుని పెద్దాయన నేస్తుంటాడు. అక్కణ్ణించి పడుగు ఫ్రేమ్ కుడి చివరిదాకా సాగి ఉంటుంది. ఎరుపు, తెలుపు దారాలు. వెనకాల నీలం సున్నం వేసిన గోడ, దాని మీద క్యాలెండర్. నిమిషం పైగా సాగే షాట్. మధ్యలో కట్ లేకుండా వాడాలని డైరెక్టర్ గారు పట్టుబడుతున్నారు, నాకూ అదే ఇష్టం. కానీ ఇవీ ఇబ్బందులు:

కుడి పక్కన ఎల్‌ఈడీ లైట్ స్టాండ్ ఫ్రేమ్‌లోనే ఉండిపోయింది. లైట్ ఫ్రేమ్ పైన ఉంది కాబట్టి అది పడలేదు. నల్ల రాడ్డు, దానికి చుట్టిన కేబుల్ మాత్రం పడ్డాయి. రాడ్డు పై సగం గోడ మీద నేరుగా కనిపిస్తుంది. కింది సగం పడుగు దారాల వెనకాల ఉంది. పెద్దాయన కాళ్లతో చెక్కలు తొక్కినప్పుడల్లా దారాలు కొద్దిగా కదులుతాయి, ఆ సందుల్లోంచి నల్లగా తొంగి చూస్తుంది.

రెండోది, పైనుంచి బూమ్ మైక్ (పొడుగు కర్రకి కట్టిన మైక్) అప్పుడప్పుడూ దిగుతుంది. మూడోది, దాని నీడ పెద్దాయన తల వెనక గోడ మీద ఊగుతుంది.

కెమెరా ట్రైపాడ్ మీద లాక్ చేసి ఉంది. 4కే, సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50, 8 బిట్ హెచ్.264. నేను ఇవ్వాల్సింది హెచ్‌డీ. నా దగ్గరున్నది డావిన్చీ రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్, 16 జీబీ ర్యామ్ లాప్‌టాప్.

ఇంకో మాట. పనిలో పనిగా గోడ మీద క్యాలెండర్, మూలన ఉన్న ప్లాస్టిక్ కుర్చీ, మిక్సీ కూడా తీసేస్తే షాట్ "పాతకాలం లుక్"తో వస్తుందని డైరెక్టర్ గారు అన్నారు. అది కుదిరే పనేనా?

గుంటూరు_పెళ్లి_వీడియో

బ్రదర్, ముందు సులువైనది చూడండి. 4కే ఫుటేజీని హెచ్‌డీ టైమ్‌లైన్ మీద వేస్తున్నారు కదా, అంటే క్వాలిటీ పోకుండా రెండింతల వరకు జూమ్ చేసుకునే చోటు మీ చేతిలో ఉంది. బూమ్ పైనుంచి ఎంత దిగుతోందో కొలవండి. 1080లో 90 పిక్సెల్స్ అనుకుందాం. పైన ఆ 90 తీసేస్తే మిగిలేది 990. 109 శాతానికి పెంచి పైకి జరిపితే బూమ్ మాయం. పెళ్లి వీడియోల్లో మేము ఎప్పుడూ చేసేది ఇదే. మండపం పైన ఏదో ఒక వైరో, డ్రోనో, పక్క కెమెరావాళ్ల లైటో ఉండకుండా ఉండదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

పైనా కిందా నల్ల పట్టీలు వేసే ఆలోచన ఉంటే ఇంకా తేలిక. 2.39 నిష్పత్తికి హెచ్‌డీలో పైన 138, కింద 138 పిక్సెల్స్ కప్పేస్తాయి. బూమ్ వాటి కిందే దాక్కుంటుంది. కాకపోతే ఈ ఒక్క షాట్‌కి వేస్తే బాగోదు, సినిమా మొత్తానికి వేయాలి.

భువనగిరి_ఎడిటర్

థాంక్స్ అన్నా. 109 శాతం పెట్టి చూశాను. బూమ్ పోయింది, కానీ వెడల్పు కూడా తగ్గుతుంది కదా. ఎడమ పక్క పెద్దాయన మోచేయి ఫ్రేమ్ బయటికి పోతోంది, కుడికి జరిపితే పడుగు చివర పోతోంది. మనిషి నుంచి పడుగు చివరిదాకా ఒకే చూపులో కనపడటమే ఈ షాట్ అందం. అందుకే క్రాప్ చేయబుద్ధి కావడం లేదు. స్టాండ్ ఎటూ పోదు.

ఏఐ_ప్రయోగశాల

ఇంత ఆలోచన ఎందుకండీ? ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో 2019 నుంచి వీడియోకి కంటెంట్ అవేర్ ఫిల్ ఉంది. మాస్క్ (తీసేయాల్సిన భాగం చుట్టూ గీత) గీసి బటన్ నొక్కడమే. రిజాల్వ్ స్టూడియో కొనుక్కుంటే కలర్ పేజీలో ఆబ్జెక్ట్ రిమూవల్ ఉంది. ఫ్రీగా కావాలంటే ప్రోపెయింటర్ లాంటి ఏఐ మోడల్స్ ఉన్నాయి. ఈ రోజుల్లో చేత్తో పెయింట్ చేయడం అంటే టైమ్ వేస్ట్.

ప్రెప్_పని

నేను హైదరాబాద్‌లో పెయింట్, క్లీనప్ పని చేస్తాను. మా దగ్గర దీన్నే ప్రెప్ అంటాం. కొంచెం పెద్ద జవాబు రాస్తున్నా, ఎందుకంటే ఈ షాట్‌లో మూడు రకాల సమస్యలున్నాయి. మూడింటికీ ఒకే మందు పనికిరాదు.

ముందు ఏఐ గారు చెప్పిన దాని గురించి. ఆ టూల్స్ మంచివే, నేనూ వాడతాను. కానీ అవి ఎలా పనిచేస్తాయో చూడండి. అడ్డుగా ఉన్న వస్తువు వెనకాల ఏముందో వేరే ఫ్రేముల్లోంచి తెచ్చి అతికిస్తాయి. కెమెరా కదులుతుంటే, లేదా వస్తువు కదులుతుంటే, ఏదో ఒక ఫ్రేములో వెనక గోడ బయటపడుతుంది. అప్పుడు వాటికి పని తేలిక. ఇక్కడ కెమెరా లాక్, స్టాండ్ కూడా కదలదు. ఆ రాడ్డు వెనక గోడ ఒక్క ఫ్రేములో కూడా కనపడదు. తెచ్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి టూల్ ఊహించి నింపుతుంది. ఊహించినది ఫ్రేము ఫ్రేముకీ కొద్దికొద్దిగా మారి గోడ మీద ఏదో పాకుతున్నట్టు కనిపిస్తుంది. దారాల దగ్గరికి వచ్చేసరికి మరీ కష్టం. వందల సన్న గీతలు, అన్నీ కదులుతున్నాయి. వాటిని కలిపి ముద్ద చేసేస్తుంది.

ప్రోపెయింటర్ లైసెన్స్ వ్యాపార అవసరాలకి వాడుకోవడానికి కాదు. డబ్బులు తీసుకుని చేసే పని అయితే అది చూసుకోవాలి.

ఇప్పుడు మీ షాట్. లాక్ చేసిన కెమెరా చేత్తో చేసే పనికి వరం. అంతా ఫ్రీ వెర్షన్‌లోనే అవుతుంది.

బూమ్: బూమ్ లేని క్షణాలు అదే షాట్‌లో ఉన్నాయన్నారు. క్లిప్‌ని కాపీ చేసి పై ట్రాక్‌లో పెట్టండి. ఆ కాపీని బూమ్ లేని చోటికి జరపండి. ఇన్‌స్పెక్టర్‌లో క్రాపింగ్ తెరిచి కింది నుంచి కోసుకుంటూ రండి, పైన సన్నటి పట్టీ మాత్రమే మిగలాలి. సాఫ్ట్‌నెస్ పెంచితే అంచు కలిసిపోతుంది. ఒక్క ఫ్రేము ఫ్రీజ్ చేసి మాత్రం పెట్టకండి. ఫుటేజీలో నాయిస్ ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, ఫ్రీజ్ చేసిన ముక్కలో అది ఆగిపోతుంది. చూసేవాళ్లకి కారణం తెలియదు గానీ, అక్కడేదో అంటించారని కన్ను పట్టేస్తుంది. నడుస్తున్న వీడియోనే వాడండి.

రాడ్డు పై సగం: వెనక గోడ మనకి ఎక్కడా దొరకదు కాబట్టి పక్క గోడని తెచ్చి కప్పాలి. ఇంకో కాపీ పెట్టండి. దీన్ని సమయంలో జరపొద్దు, అదే టైమ్‌కోడ్ ఉండాలి. అడ్డంగా మాత్రం రాడ్డు వెడల్పుకి మూడింతలు జరిపి, రాడ్డు మీద పడేలా నిలువు పట్టీ కోయండి. అంచులు మెత్తగా చేయండి. ఇందులో ఒక లాభం ఉంది. పెద్దాయన పలక (పేకని దగ్గరికి కొట్టే చెక్క) లాగి కొట్టినప్పుడు నేల అదిరి కెమెరా ఒకటి రెండు పిక్సెల్స్ వణుకుతుంది, జూమ్ చేసి చూడండి. అదే క్షణం లోంచి తీసిన ముక్క కాబట్టి ఇదీ అలాగే వణుకుతుంది. ట్రాకింగ్ అక్కర్లేదు.

గోడ మీద వెలుగు కిటికీ నుంచి దూరం జరిగే కొద్దీ తగ్గుతుంది. పక్క నుంచి తెచ్చిన ముక్క కాస్త వెలుగుగానో, చీకటిగానో ఉంటుంది. దాని గెయిన్ (వెలుగు స్థాయి) కొంచెం సర్దండి. మేకు రంధ్రం, పెచ్చు ఊడిన మచ్చ లాంటివి లేని పక్క నుంచే తీసుకోండి. లేకపోతే ఒకే మచ్చ రెండు చోట్ల కనిపిస్తుంది.

రాడ్డు కింది సగం: దీన్ని తీసేయొద్దు. దారాల మధ్య నుంచి దాన్ని తవ్వి తీయాలంటే ప్రతి దారానికీ రోటో (అంచు వెంట, దాంతో పాటే కదిలే ఆకారం) గీయాలి. ఒక పెద్ద కంపెనీలో కూడా దానికి వారాల పని అవుతుంది. కనపడకుండా చేస్తే చాలు. ఆ ఫ్రేములో అక్కడ అన్నిటికంటే నల్లగా ఉన్నది రాడ్డే, దారాలు ఎరుపూ తెలుపూ. కలర్ పేజీలో రాడ్డు చుట్టూ సన్న విండో గీయండి. క్వాలిఫయర్‌తో (రంగుని, వెలుగుని బట్టి ఎంచే టూల్) ఆ నలుపుని మాత్రమే పట్టుకోండి. ఆ నలుపుని పైకి లేపి, గోడ నీలం వైపు నెట్టండి. దారాలు ఎంపికలోకి రావు కాబట్టి వాటికి ఏమీ కాదు. 8 బిట్ ఫుటేజీలో ఆ ఎంపిక చిమచిమలాడుతుంది, క్వాలిఫయర్‌లో బ్లర్ కొంచెం పెంచండి. పూర్తిగా పోదు. కానీ చూసేవాడి కన్ను పెద్దాయన చేతుల మీద ఉంటుంది, ఆ మూలకి వెళ్లడానికి కారణం ఉండదు.

నీడ గురించి సాయంత్రం రాస్తా, డ్యూటీకి వెళ్లాలి.

ఏఐ_ప్రయోగశాల

ప్రెప్ గారూ, కెమెరా కదలకపోతే టూల్‌కి కష్టం అన్న పాయింట్ నిజంగా కొత్తగా ఉంది. నేను వాడినవన్నీ చేత్తో పట్టుకుని తీసిన షాట్లే, అందుకే బాగా వచ్చాయేమో. కానీ ఒక పని చేయొచ్చు కదా. ఒక స్టిల్ తీసి ఫోటోషాప్‌లో రాడ్డు చెరిపేసి, దాన్ని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కి రిఫరెన్స్ ఫ్రేముగా ఇస్తే?

ప్రెప్_పని

చేయొచ్చు, అది సరైన పద్ధతే. రిఫరెన్స్ ఫ్రేము అనే సౌకర్యం ఉన్నదే అందుకు. కానీ రాడ్డు వెనక ఉన్నది ఉత్త గోడ. దానికి ఇంకో సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ కట్టించడం నాకు ఇష్టం లేదు.

బూమ్_సౌండ్

సౌండ్ వైపు నుంచి ఒక మాట. బూమ్ ఫ్రేములోకి వచ్చిందంటే అందరూ బూమ్ పట్టుకున్న మనిషినే చూస్తారు. అక్కడి పరిస్థితి ఏంటో ఆలోచించండి. మగ్గం చప్పుడు చెవులు అదిరేలా ఉంటుంది. పెద్దాయన మెల్లగా మాట్లాడతాడు. దూరం రెండింతలైతే నేరుగా వచ్చే మాట స్థాయి 6 డెసిబెల్స్ పడిపోతుంది, మగ్గం మోత మాత్రం గదంతా నిండి అలాగే ఉంటుంది. వైడ్, క్లోజప్ రెండు కెమెరాలూ ఒకేసారి తిప్పుతుంటే మైక్ దగ్గరికి తేవాలా, ఫ్రేము బయట ఉంచాలా? రెండూ ఒకేసారి అవ్వవు.

ఎడిటర్ తమ్ముడూ, మీ దగ్గర రూమ్ టోన్ రికార్డ్ చేసిన క్లిప్ ఏదైనా ఉందేమో చూడు. అంటే ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు మాత్రం అర నిమిషం రికార్డ్ చేస్తాం కదా, అది. చాలాసార్లు కెమెరా ఆపకుండా అదే ఫ్రేముతో ఉంటుంది. అప్పుడు బూమ్ కిందికి దించేసి ఉంటారు. మీకు కావాల్సిన ఖాళీ గోడ అందులోనే దొరకొచ్చు.

భువనగిరి_ఎడిటర్

అన్నా, ఉంది! క్లిప్ పేరులో ఏమీ రాయలేదు కాబట్టి పక్కన పెట్టేశాను. అదే ఫ్రేము, బూమ్ లేదు, పెద్దాయన నేయడం ఆపి ఊరికే కూర్చుని ఉన్నాడు. స్టాండ్ మాత్రం అక్కడే ఉంది.

బూమ్_సౌండ్

బాగుంది. స్టాండ్ తీసేసి ఉంటే దాని వెలుగు కూడా పోయేది, అప్పుడు ఆ గోడ మీకు పనికొచ్చేది కాదు. షూట్‌లో ఉన్నవాళ్లకి చెప్తున్నా. లైట్ స్టాండ్ తప్పనిసరిగా ఫ్రేములో పెట్టాల్సి వస్తే, రూమ్ టోన్ తీసేటప్పుడే దాన్ని ఒక జానెడు పక్కకి జరపమనండి. వెలుగు దాదాపు మారదు, వెనక గోడ బయటపడుతుంది. అందరూ ఎలాగూ కదలకుండా నిలబడే సమయం అది. ఒక్క టేక్‌లో సౌండ్‌వాళ్లకీ ఎడిటర్‌కీ ఇద్దరికీ పని అయిపోతుంది.

పుట్టపాక_నేతబిడ్డ

నాకు ఎడిటింగ్ గురించి పెద్దగా తెలియదు, మాది నేత కుటుంబం. క్యాలెండర్, కుర్చీ, మిక్సీ తీసేయమన్నారని చదివి రాస్తున్నా.

మా ఇంట్లో మగ్గం ఉన్న గదిలోనే ఫ్రిజ్ ఉంటుంది, పిల్లల స్కూల్ బ్యాగులు ఉంటాయి. వేరే గది ఉండదు. మగ్గం పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఎందుకు ఉంటుందో తెలుసా? గుంటలో కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే మా నాన్న లేచి కాసేపు అందులో కూలబడతాడు. బేరానికి వచ్చినవాళ్లు కూర్చునేదీ అదే. క్యాలెండర్ మీద నూలు తెచ్చిన తేదీ, చీర దించాల్సిన తేదీ పెన్నుతో రాసి ఉంటాయి, దగ్గరికి జూమ్ చేసి చూడండి. అవి తీసేస్తే అది ఎవరి ఇల్లు? మా పని ఎప్పుడో వందేళ్ల కిందటిది అన్నట్టు చూపిస్తే, ఈ రోజు చీరకి ఎంత కూలి వస్తుందో అడగాలని ఎవరికీ అనిపించదు.

లైట్ స్టాండ్ మీరు తెచ్చారు, మీరు తీసుకుపోండి. మిక్సీ మా అమ్మది.

డాక్_లత

పుట్టపాక తమ్ముడు చెప్పిన దానికి నా పూర్తి మద్దతు. నేను డాక్యుమెంటరీలు తీస్తాను, పిల్లలకి నేర్పుతాను కూడా. ఈ గీత చాలా స్పష్టంగా పెట్టుకోవాలి. బూమ్, స్టాండ్, కేబుల్ మనం గదిలోకి తెచ్చినవి. అవి లేనప్పుడు ఆ గది ఎలా ఉండేదో అలా చూపించడానికే వాటిని తీస్తున్నాం. కాబట్టి ఆ చెరపడం నిజానికి దగ్గరగా వెళ్లడమే. కుర్చీ తీసేస్తే నిజానికి దూరంగా వెళ్తున్నాం. పని ఒకటే, టూల్ ఒకటే, కానీ రెండూ ఒకటి కాదు.

న్యూస్ ఫుటేజీ అయితే ఇంకా కఠినంగా ఉండాలి. ప్రెస్ మీట్‌లో మనిషి ముందు పేర్చిన చానళ్ల మైకులు చూడ్డానికి బాగోవని చెరిపేస్తామంటే నేను ఒప్పుకోను. ఎవరెవరు వచ్చారో చెప్పే ఆధారం అది. అక్కడ క్రాప్ చేయండి, అంతకు మించి ముట్టుకోవద్దు.

భువనగిరి గారూ, డైరెక్టర్‌తో వాదన పెట్టుకోనక్కర్లేదు. పెద్దాయన కుర్చీలో కూర్చున్న ఫుటేజీ ఏదైనా ఉంటే ఈ షాట్ తర్వాత వేసి చూపించండి. కుర్చీ ఎందుకు ఉండాలో ఆయనకే తెలుస్తుంది.

గుంటూరు_పెళ్లి_వీడియో

లత మేడమ్, పెళ్లి వీడియోలకి ఇది వర్తిస్తుందా? పెళ్లికూతురు వెనకాల కూలర్, జనరేటర్ కేబుల్ తీసేయమని ఇంటివాళ్లే అడుగుతారు. మొన్న ఒకరు వీడియోలోంచి ఒక బంధువునే తీసేయమన్నారు.

డాక్_లత

కూలర్ వాళ్ల ఇష్టం అండీ, అది వాళ్ల జ్ఞాపకం. బంధువు విషయంలో మాత్రం నేనైతే ఆ షాట్ వాడకుండా వేరే షాట్ పెడతాను. మనిషిని చెరిపేయను.

ప్రెప్_పని

పుట్టపాక తమ్ముడి మాట చదివాక మిక్సీ ఎలా తీయాలో చెప్పడం నా పని కాదనిపిస్తోంది. నీడ గురించి చెప్తా.

నీడ ఊగుతోంది కాబట్టి రెండు భాగాలుగా చూడండి. పెద్దాయన తలకి దూరంగా, ఉత్త గోడ మీద ఉన్నంతసేపు బూమ్‌కి చేసినట్టే చేయండి. రూమ్ టోన్ క్లిప్‌లోని గోడతో కప్పండి. అయితే ముందు ఒకటి చూసుకోవాలి. రెండు క్లిప్పుల మధ్య ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మారాయా? కెమెరా ఆటోలో ఉంటే మారతాయి. కిటికీ బయట మబ్బు వచ్చినా మారుతుంది. స్కోప్స్ (వెలుగు, రంగు విలువలు చూపే గ్రాఫులు) పెట్టుకుని గోడ విలువలు సరిపోల్చండి, కంటితో కాదు.

గదిలో ట్యూబ్‌లైట్ ఉందా? మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులు అవుతుంది. మీరు 25 ఫ్రేములు, 1/50 షట్టర్ కాబట్టి ప్రతి ఫ్రేములోనూ రెండు పూర్తి వలయాలు పడతాయి, తేడా రాదు. అదే 24 ఫ్రేములు, 1/48 పెట్టి ఉంటే గోడ సెకనుకి నాలుగుసార్లు సన్నగా కొట్టుకునేది. వేరే సమయంలో తీసిన ముక్క అతికిస్తే రెండూ రెండు లయల్లో కొట్టుకుంటాయి. ఆ తలనొప్పి మీకు లేదు.

నీడ తల దగ్గరికి వచ్చినప్పుడు కప్పడం కష్టం, వెంట్రుకలు అడ్డం వస్తాయి. అక్కడ కప్పొద్దు, వెలిగించండి. కలర్ పేజీలో నీడ ఆకారంలో మెత్తటి విండో గీసి ట్రాక్ చేయండి. నీడకి అంచు పట్టుకోకపోతే చేత్తో కీఫ్రేములు (ఏ ఫ్రేములో విండో ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టండి. గెయిన్, గామా (మధ్యస్థ వెలుగు) కొంచెం పెంచండి. వెలుగు పెంచితే చాలదు, రంగు కూడా చూడాలి. ఎల్‌ఈడీ కిటికీ వెలుగు కంటే వెచ్చటిదైతే, దానికి బూమ్ అడ్డుపడిన చోట గోడ మీద పడేది కిటికీ వెలుగే కాబట్టి నీడ చుట్టుపక్కల కంటే నీలంగా ఉంటుంది. గెయిన్ పెంచాక కాస్త వెచ్చగా చేయండి. ఇది మర్చిపోతే నీడ పోయిన చోట నీలం మరక మిగులుతుంది.

ఇంకో సంగతి, చాలామంది ఇరుక్కునేది. రిజాల్వ్‌లో ఒక్కో క్లిప్‌కీ గ్రేడ్ ముందు పడుతుంది, పేర్చిన ట్రాకులు ఆ తర్వాత కలుస్తాయి. కింది క్లిప్‌కి గ్రేడ్ చేసి పై ముక్కలకి చేయకపోతే అతుకులన్నీ బయటపడతాయి. కాబట్టి రాడ్డు నలుపు, నీడ సర్దుబాట్లు కింది క్లిప్ మీద చేసేసుకుని, తర్వాత అన్నిటినీ ఎంచుకుని కాంపౌండ్ క్లిప్ (అన్నీ కలిపిన ఒకే క్లిప్) చేయండి. ఫైనల్ గ్రేడ్ దాని మీద వేయండి.

కొత్త_రోటో

ప్రెప్ అన్నా, నేను ఇప్పుడే రోటో నేర్చుకుంటున్నా. కెమెరా కదిలే షాట్ అయితే ఇదే పని ఎలా చేస్తారు?

ప్రెప్_పని

కదిలే షాట్‌లో గోడ, టేబుల్, తలుపు లాంటి బల్లపరుపు తలాన్ని ప్లేనార్ ట్రాకర్‌తో పట్టుకోవాలి. ఫ్రీ రిజాల్వ్ ఫ్యూజన్ పేజీలో కూడా అది ఉంది. స్టెడీ మోడ్‌లో పెడితే ఆ గోడ కదలకుండా నిలబడుతుంది. నిలబడ్డ దాని మీద క్లోన్ పెయింట్ (పక్క భాగాన్ని కాపీ చేసి పూయడం) చేసి, రెండో ప్లేనార్ ట్రాకర్‌తో ఆ కదలికని తిరిగి ఇచ్చేయాలి. పెయింట్‌లో మల్టీ స్ట్రోక్ కాకుండా స్ట్రోక్ ఎంచుకో. అప్పుడే గీసింది షాట్ పొడుగునా ఉంటుంది. మోచా అనే సాఫ్ట్‌వేర్ ప్లేనార్ ట్రాకింగ్‌కి 2013లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక అవార్డు ఇచ్చింది. ఈ రంగంలో దానికి అంత విలువ ఉంది. మన హైదరాబాద్‌లో చాలామంది రోటో, పెయింట్ తోనే ఉద్యోగం మొదలుపెడతారు. బయటి దేశాల సినిమాల నుంచి కూడా మనకి ఈ పని వస్తుంది. చిన్న పని అనుకోకుండా నేర్చుకో.

చీర మీద కాలర్ మైక్ లాంటివి మాత్రం ప్లేనార్ ట్రాకర్‌కి లొంగవు, గుడ్డ మడతలు పడుతుంది కదా. ఆ నల్ల మైక్‌ని చీర రంగులోకి మార్చేస్తే సగం సమస్య పోతుంది.

భువనగిరి_ఎడిటర్

అప్‌డేట్. బూమ్ పూర్తిగా పోయింది. రూమ్ టోన్ క్లిప్ పట్టీ క్యాలెండర్ దగ్గర ఇబ్బంది పెట్టింది. ఫ్యాన్ గాలికి దాని కాగితం ఊగుతుంది, అక్కడ అంచు పడితే కాగితం సగానికి తెగినట్టు కనిపించింది. పట్టీని క్యాలెండర్‌కి అటూ ఇటూ రెండు ముక్కలు చేశాను, బూమ్ క్యాలెండర్ మీదికి రాదు కాబట్టి సరిపోయింది.

రాడ్డు పై సగానికి ఎడమ పక్క గోడ వాడాను, బాగా కలిసింది. దారాల వెనక నలుపు లేపడం చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆపి చూస్తే తెలుస్తుంది, నడుస్తుంటే తెలియదు. నీడ దగ్గర మీరు చెప్పిన నీలం మరక అచ్చంగా వచ్చింది, వెచ్చగా చేస్తే పోయింది.

ఒకటి మిగిలింది. షాట్ చివర పెద్దాయన మనవరాలు కుడి పక్క నుంచి వచ్చి కండెల (నూలు చుట్టిన గొట్టాల) బుట్ట తీసుకుని వెళ్తుంది. రాడ్డు ముందు నుంచి నడుస్తుంది. నా గోడ ముక్క ఆ పాప మీద పడి, భుజం మధ్యలో గోడ కనిపిస్తోంది. పైగా పక్క నుంచి జరిపిన వీడియో కాబట్టి పాప రెండుసార్లు కనిపిస్తోంది!

ప్రెప్_పని

పాప దాటే ఆ కాస్త సమయానికి మాత్రం గోడ ముక్కని పాప లేనప్పటి క్షణం నుంచి తీసుకోండి, అప్పుడు రెండో పాప పోతుంది. తర్వాత అసలు క్లిప్‌నే ఇంకో కాపీ అన్నిటికంటే పైన పెట్టి, ఫ్యూజన్‌లో పాప చుట్టూ పాలిగన్ మాస్క్ గీయండి. రాడ్డు ఉన్న సన్న పట్టీలో పాప అంచు సరిగా ఉంటే చాలు, మిగతా చోట వదులుగా గీసినా ఏం కాదు, కింద ఉన్నదీ అదే వీడియో కదా.

మొత్తం ఒకే ఆకారంగా గీయకండి. తల ఒకటి, భుజం చెయ్యి ఒకటి, బుట్ట ఒకటి. కదలిక మొదలయ్యే ఫ్రేము, ఆగే ఫ్రేము ముందు సెట్ చేసి, తర్వాత వాటి మధ్యకి వెళ్లండి. ఫ్రేము ఫ్రేముకీ గీస్తూ పోతే అంచు వణుకుతుంది. చెయ్యి వేగంగా కదిలే చోట బ్లర్ ఉంటుంది, అక్కడ అంచు మెత్తదనం పెంచండి. జుట్టు దగ్గర మాస్క్‌ని వెంట్రుకల లోపలికి కొంచెం లాగండి. పోయే ఒకటి రెండు వెంట్రుకలు ఎవరికీ తెలియవు, మిగిలిపోయిన నల్ల రాడ్డు అంచు తెలుస్తుంది.

అయిపోయాక గామా బాగా పెంచి ఒకసారి, బాగా తగ్గించి ఒకసారి షాట్ మొత్తం చూడండి. అతుకులు ఉంటే అక్కడ బయటపడతాయి. తర్వాత పెద్ద టీవీ మీద చూడండి.

భువనగిరి_ఎడిటర్

రోటో అయింది. గామా పెంచితే రాడ్డు పక్కన సన్న నిలువు గీత బయటపడింది. సాఫ్ట్‌నెస్ ఇంకొంచెం పెంచాక అదీ పోయింది. టీవీ మీద మా ఇంట్లోవాళ్లకి చూపించి ఏమైనా తేడా ఉందా అని అడిగితే, ఆ పాప ఎవరు, చదువుకుంటోందా అని అడిగారు.

లత గారు చెప్పినట్టు పెద్దాయన కుర్చీలో నడుం వాల్చి టీ తాగే షాట్ వెతికి వెంటనే తర్వాత పెట్టాను. డైరెక్టర్ గారు చూసి కుర్చీ, మిక్సీ ఉంచేయమన్నారు. క్యాలెండర్ మీద పెన్నుతో రాసిన తేదీలు క్లోజప్‌లో ఉన్నాయేమో వెతకమన్నారు. ఉన్నాయి, 4కే కదా, అదే షాట్‌లోంచి జూమ్ చేసి తీశాను.

పుట్టపాక అన్నా, సౌండ్ మిక్స్ అయ్యాక లింక్ మీకు పంపిస్తాను. నేత పని వరసలో ఎక్కడైనా తప్పుగా పెట్టామేమో మీరు చూసి చెప్పాలి.

పుట్టపాక_నేతబిడ్డ

తప్పకుండా పంపండి. మా నాన్నతో కూర్చుని చూస్తా. ఆసు పోయడం (మేకుల మీద నూలు చుట్టడం), చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలుకి కట్లు వేయడం), రంగు అద్దడం, వీటి వరస చాలా వీడియోల్లో తలకిందులుగా ఉంటుంది. అది మాత్రం ముందే ఒకసారి సరిచూసుకోండి.